కాక గొంతును డబ్బాలో పెట్టిన కథ

"నియర్ అంటే దగ్గర" అని చెప్పి నెలనెలా జీతం తీసుకున్న మనిషిని నేను. గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ వాళ్ల బడిలో ఇంగ్లీషు టీచర్ని. నియర్, క్లోజ్, నియర్‌బై, బిసైడ్, అడ్జసెంట్ అని ఎనిమిదో తరగతి పిల్లలతో గొంతు పోయేలా వల్లె వేయించాను. వాళ్లు పరీక్షలో రాసేవాళ్లు, మెట్లు దిగేలోపు మరిచిపోయేవాళ్లు. వాళ్లనేం అనను, అడ్జసెంట్‌ను నంజుకుని అన్నం తింటామా? ఆ పిల్లల్లో సగం మంది తర్వాత ఓపెన్‌కాస్టు గనుల్లో డ్యూటీలెక్కారు.

ఇప్పుడు కొత్తగా కొలువుల్లో చేరుతున్న మీలాంటి పిల్లలు "టీచర్, మీ సర్వీసులో మరిచిపోలేనిది ఒకటి చెప్పండి" అని అడుగుతుంటారు. ర్యాంకు తెచ్చిన పిల్లవాడి గురించో, కలెక్టర్ చేతి మీదుగా కప్పించుకున్న శాలువా గురించో చెబుతానని చూస్తారు. ఆ శాలువా చలికి కూడా ఆగదు, దాని సంగతి వదిలేయండి. నేను చెప్పేది ఒక డబ్బా గురించి.

నేను రిటైర్ కావడానికి కొంచెం ముందు మా పక్క ఓపెన్‌కాస్టులో డంపర్లన్నిటికీ ఆ డబ్బా బిగించారు. డంపర్ అంటే మీకు తెలుసు, టైరే మనిషి కంటే ఎత్తు. డ్రైవర్ పైన గాజు గదిలో ఏసీ వేసుకుని కూర్చుంటాడు. వెనకాల ఎవరున్నారో వాడికి కనిపించదు. అందుకని ఏదైనా అడ్డంగా ఉంటే కనిపెట్టి చెప్పే డబ్బా అది. అందులో ఒక ఇంగ్లీషు అమ్మాయి ఉంటుంది. "వెహికల్ నియర్‌బై, వెహికల్ నియర్‌బై" అని షిఫ్టు మొదలైంది లగాయతు షిఫ్టు దిగేదాకా అదే పాట. విమానంలో నీళ్లు కావాలా అని అడిగినంత మర్యాదగా చెబుతుంది. తెల్లారగట్ల లేచి డ్యూటీకొచ్చిన డ్రైవర్‌కు ఆ గొంతు వింటే జోల పాడినట్టుండేది. మెలకువగా ఉన్నవాడికి తిక్క లేచేది. ఒకడు దాని నోట్లో దూది కుక్కాడు. ఒకడు గుట్కా పొట్లాలు అంటించాడు. ఇంకొకడు ఇంట్లోంచి రుబ్బిన పిండి తెచ్చి పూశాడట. వాడి భార్యకు ఆ పిండి సంగతి తెలిసినప్పుడు ఏమైందో వేరే కథ.

నవ్వుతాం గానీ, ఆ డంపర్ల వెనకాల ఒక మనిషి ఉన్నాడు. మా ఇంటి వరసలోనే క్వార్టర్‌లో ఉండే కాక, అంటే నాకు బాబాయి వరస. మా నాన్నతో కలిసి భూమిలోపల గనిలో పనిచేసి, ఆ గని మూతపడ్డాక ఓపెన్‌కాస్టుకు వచ్చాడు. ఆయన డ్యూటీ డంపుయార్డు మీద. బొగ్గు మీది నుంచి తవ్వి తీసిన మట్టిని డంపర్లు తెచ్చి అక్కడ పోస్తాయి. అంచున అడ్డుకట్ట ఉంటుంది, కట్ట దాటితే డంపర్ లోయలో పడుతుంది. వెనక్కి వచ్చే ప్రతి డంపర్‌ను కట్ట దాకా రప్పించి ఆపడం కాక పని. ఒక చేతిలో జెండా, ఇంకో చేతిలో వాకీటాకీ సెట్టు. ఆయన మాట డ్రైవర్ గదిలో ఉన్న సెట్టులోంచి వినబడుతుంది. డబ్బా నోట్లో దూది కుక్కిన ఒకడు ఒకరోజు కాకను చూసుకోకుండా వెనక్కి తోలుకొచ్చాడు. కాక పక్కకు దూకి బతికాడు. ఆ సాయంత్రం మా వాకిట్లో కూర్చుని డబ్బాను, డ్రైవర్‌ను, డబ్బా కొన్నవాళ్లను, వాళ్ల తాతలను వరసపెట్టి తిట్టాడు. ఆయన తిట్లకు మా వాడంతా అలవాటు పడిపోయింది. నేనైతే చిన్నప్పటి నుంచి అలారం లేకుండా ఆ తిట్లకే నిద్ర లేచేదాన్ని.

డ్రైవర్లు ఒక్కటే మాట అన్నారు. "తెలుగుల చెప్పియ్యుండ్రి సార్, ఇంటం." సేఫ్టీ ఆఫీసరు కొత్తగూడెం నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చినవాడు, కుర్రవాడు, ఉత్సాహం ఎక్కువ. లాప్‌టాప్ పట్టుకుని బడికొచ్చాడు. "మేడం, మూడు మాటలు కావాలి. కొంచెం దగ్గర, బాగా దగ్గర, ఇంక ఆపకపోతే అంతే అనేంత దగ్గర. మీకు రెండు భాషలూ వచ్చు కదా" అన్నాడు. నాకు భలే సంబరమైంది. ఇన్నేళ్లుగా నా సినానిమ్స్ ఎవడికి పనికొచ్చాయని!

కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే తెలిసింది, మన దగ్గర మాటలకు కరువు లేదు, వాడుకకే తిప్పలు. ముందు "సమీపంలో వాహనం ఉన్నది" అని రాశాను. క్యాంటీన్‌లో డ్రైవర్లకు వినిపిస్తే ఒకడు చాయ్ గ్లాసు కింద పెట్టి "ఎవడు సచ్చిండే?" అన్నాడు. వాడి తప్పేం లేదు. సమీపం అనే మాటను మనం పేపర్లో తప్ప ఎక్కడ చూస్తాం? బసంత్‌నగర్ సమీపంలో లారీ బోల్తా. ప్రమాదం అయిపోయాకే ఆ మాట వస్తుంది. చేరువ రాద్దామంటే అది ఎన్నికల ఫలితాల మాట, ఎవరో గెలుపుకు చేరువలో ఉంటారు. సన్నిధి అంటే నాకు ఆదివారం చర్చి గుర్తుకొచ్చి చేతులు జోడించాలనిపిస్తుంది. చెంత పెడితే పాట మొదలయ్యేలా ఉంది. దరిదాపులు అన్నానో లేదో సేఫ్టీ ఆఫీసరే అడ్డం పడ్డాడు. "మేడం, దరిదాపుల్లో అంటే తర్వాత ఎప్పుడూ లేడు అనే వస్తుంది కదా." వాడికి ఆ మాత్రం తెలుగు వచ్చని అప్పటిదాకా నాకు తెలియదు.

చివరికి "దగ్గర్ల ఉన్నది, ఇంకా దగ్గరికొచ్చింది" అని మామూలు మాటలు పెట్టాం. క్యాంటీన్ అంతా గొల్లుమంది. నా దగ్గర చదివి పది తప్పిన డ్రైవర్ ఒకడు లేచాడు. "టీచర్, కమాన్‌పూర్ తొవ్వల ఎవల్నన్న అడుగుండ్రి, ఊరెంత దూరమని. గీడనే, దగ్గర్నే అంటరు. నడిచి నడిచి చెప్పులరుగుతయ్. దగ్గర అన్నంక ఎవడన్న ఆగుతడా? జర జోరుగ నడుస్తడు." ఎనిమిదో తరగతిలో వీడు ఇంత తెలివిగా ఒక్క జవాబు చెప్పి ఉంటే నేనే దగ్గరుండి పాస్ చేయించేదాన్ని.

"మరి మిమ్మల్ని ఆపేది ఏ మాట రా?" అని అడిగాను.

అందరూ ఒక్కసారే అన్నారు. "కాక మాట."

నిజమే. కాక ఏనాడూ దగ్గర అనలేదు. కట్ట దూరంగా ఉన్నప్పుడు సాగదీసి "రానీ... రానీ..." అంటాడు. దగ్గర పడేకొద్దీ అదే మాట పొట్టిదవుతుంది, "రానీ రానీ రానీ". ఆఖరుకు "హోల్డాన్!" ఆ గొంతుకు డ్రైవర్ కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోతుంది. "కాక గొంతు పెట్టియ్యుండ్రి. దూది పెడితే మా చెయ్యి ఇరగ్గొట్టుండ్రి" అన్నారు. ఇంత సులువైన ఉపాయం మనకు తట్టలేదేమని సేఫ్టీ ఆఫీసరూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ రోజు మా అంత తెలివైనవాళ్లు ఈ కోల్‌బెల్టులోనే లేరు.

బడి కంప్యూటర్ గదిలో రికార్డింగు. కాక పెళ్లికి వెళ్తున్నట్టు తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. రానీ అన్న మాటకు సేఫ్టీ ఆఫీసరు ఒప్పుకోలేదు, డబ్బా మనుషుల మీదికి రమ్మనడమేంటని. అందుకని "చూస్కో చూస్కో", తర్వాత "మెల్లగ మెల్లగ", చివర "హోల్డాన్" అని ఖాయం చేశాం. మూడే మాటలు. పొద్దంతా పట్టింది. ఎందుకంటే కాకకు తిట్టు తగిలించకుండా మాట రాదు. "చూస్కో" అంటాడు, వెనకే తోకలాగా ఇంకోటి వస్తుంది. సేఫ్టీ ఆఫీసరు చెవులు ఎర్రబడిపోయాయి.

"కాకా, ఆఖరు మాట లేకుండా చెప్పు" అన్నాను.

"ఆఖరు మాట లేకుంటె నోరు సప్పగైతున్నది బిడ్డా. ఉప్పులేని కూర తిన్నట్టున్నది."

నీళ్లు తాగించి, సోంపు నమిలించి, సాయంత్రానికి మూడు మాటలనూ శుభ్రంగా రాబట్టాం. అవి లాప్‌టాప్‌లోంచి డబ్బాల్లోకి ఎక్కాయి.

అబ్బో, ఏం చెప్పమంటారు! మరునాటి నుంచి దూదులు పోయాయి. "చూస్కో చూస్కో" అని డబ్బా అనగానే "ఆఁ కాకా" అని డ్రైవర్లు బదులివ్వడం మొదలుపెట్టారు. జనరల్ మేనేజర్ వచ్చి విని మెచ్చుకుని పోయాడు. ఇక కాక సంగతి చూడాలి! భూమ్మీద కాళ్లు ఆనలేదు. తన గొంతును ఫోన్‌లో ఎక్కించుకుని చాయ్ దుకాణంలో, మంగలి దుకాణంలో, దవాఖాన లైన్లో అందరికీ వినిపించాడు. డబ్బా మీద ఫోటో కూడా వేస్తారా అని నన్ను రెండుసార్లు అడిగాడు. "ఇంట్ల ఒక్క గొంతుకే నా చెవులు పోయినయ్, గిప్పుడు ఊరంత పెట్టిన్రా?" అని చిన్నమ్మ, అంటే ఆయన భార్య, నెత్తి కొట్టుకుంది.

ఆ గొప్పలో పడి కాక ఇంకో పని చేశాడు. సెట్టులో తిట్టడం మానేశాడు. "నేనిప్పుడు రికార్డు మనిషిని, గట్ల మాట్లాడితె బాగుండదు" అన్నాడు. డబ్బాలో ఎలా పలికాడో డ్యూటీలోనూ అచ్చం అలాగే పలకడం మొదలుపెట్టాడు. సేఫ్టీ ఆఫీసరు మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను. కాకకు మర్యాద నేర్పింది చదువే అని స్టాఫ్‌రూమ్‌లో చెప్పుకున్నాను కూడా. సిగ్గు లేకుండా.

వానాకాలం మధ్యలో ఒకరోజు సేఫ్టీ ఆఫీసరు నన్ను గనికి పిలిచాడు. "మేడం, మీ పని ఎలా నడుస్తోందో కళ్లారా చూడండి." నెత్తికి టోపీ పెట్టి, నడుముకు చీర బిగించి, నిచ్చెన లాంటి మెట్లెక్కి డంపర్‌లో కూర్చున్నాను. పక్కన నేర్చుకునేవాళ్ల కోసం ఒక సీటు ఉంటుంది. డ్రైవర్ ఎవడో కాదు, చెప్పులరుగుతయ్ అన్న మా పది తప్పినవాడే.

"టీచర్, బెల్టు పెట్టుకోండ్రి."

"పెట్టుకుంటా గానీ, నియర్‌కు సినానిమ్స్ చెప్పు."

"నియర్, క్లోజ్..." అని ఆగాడు. "ఆడికే బందైంది టీచర్. గిప్పుడు పరీక్ష పెట్టకుండ్రి, మట్టి లోడున్నది."

డంపుయార్డు ఎక్కాం. రాత్రంతా వాన పడి మట్టి మెత్తబడి ఉంది. బండి తిప్పి వెనక్కి తోలడం మొదలుపెట్టాడు. వెనక చూపించే కెమెరా నిండా బురద, తెరమీద గోధుమరంగు తప్ప ఏమీ లేదు. డబ్బా మొదలుపెట్టింది, "చూస్కో చూస్కో." కాసేపటికి "మెల్లగ మెల్లగ." ఆ తర్వాత "హోల్డాన్."

వీడు ఆగలేదు.

"ఆగమంటున్నాడు కదరా!" అన్నాను.

"డబ్బా టీచర్. దానికి కట్ట గనవడితె చాలు మొత్తుకుంటది. మట్టిపెల్లను చూసినా హోల్డానే. గట్ల ఆగుకుంట పోతె షిఫ్టుల ఒక్క లోడు పడదు. అసలు కాక పిలిస్తె నాకెరుకైతది."

"హోల్డాన్" అని మళ్లీ వినబడింది. వెంటనే ఇంకోసారి, "హోల్డాన్!" అదే గొంతు, అదే మర్యాద.

"సూడుండ్రి, ఎట్ల పరేషాన్ జేస్తదో" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇద్దరం నవ్వుతూనే వెనక్కి పోతున్నాం.

అప్పుడు గది అదిరిపోయేలా వచ్చింది. "నీ యవ్వ, ఆగురా దొంగ నా కొడకా! నేన్రా! నేను! కాలిరికింది!" దాని వెనక ఇంకా చాలా వచ్చింది. రిటైరైనా టీచర్నే, నా నోటితో చెప్పను.

వీడు బ్రేకు మీద నిలబడ్డాడు. నా టోపీ అద్దానికి కొట్టుకుంది. ఆ కుదుపుతో ఇంజను కూడా ఆగినట్టనిపించింది, లేదా నాకే ఏమీ వినబడలేదేమో.

మెట్లు ఎలా దిగానో నాకు తెలియదు. కాక మోకాలి దాకా బురదలో దిగబడి ఉన్నాడు. టైరుకూ ఆయనకూ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా కూడా లేదు. చేతిలో సెట్టు ఇంకా నోటి దగ్గరే ఉంది. ఆయన తిట్టడం లేదు. కాక నోరు మూసుకుని ఉండగా నేను చూడటం అదే మొదటిసారి. డ్రైవర్ బురదలో మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఆయన కాలు పట్టి లాగాడు. కాలు వచ్చింది, బూటు రాలేదు.

"డబ్బా అనుకున్న కాకా. ఒట్టు, డబ్బా అనుకున్న" అని ఏడుస్తున్నాడు.

"రెండుసార్లు పిలిషిన కొడుకా" అన్నాడు కాక. గొంతులో బలం లేదు. "మంచిగ పిలిషిన."

తర్వాత నావైపు తిరిగాడు. బూటు లేని కాలితో, బురద మేజోడుతో నిలబడి, చిన్నపిల్లవాడు లాక్కున్న బొమ్మను అడిగినట్టు అడిగాడు. "బిడ్డా, నా గొంతు నాకియ్యి."

నాకు ఏడుపు ఆగలేదు. ఆ మనిషికి అక్కడ, ఆ అంచు మీద, ఒక్క గొంతే ఆధారం. దాన్ని మేం అందరం మెచ్చుకుంటూ, చప్పట్లు కొడుతూ, డంపర్లన్నిటికీ పంచిపెట్టాం. పంచిపెట్టాక అది ఎవరిదీ కాకుండా పోయింది.

మరునాడు మేనేజర్ గదిలో మీటింగు. ఆఫీసర్లు, యూనియన్ వాళ్లు, డ్రైవర్, కాక, నేను. డ్రైవర్‌ను అడిగారు, ముందు రెండుసార్లు ఆగనివాడివి మూడోసారి ఎలా ఆగావని. "డబ్బా తిట్టదు సార్" అన్నాడు వాడు. దాంతో మా పెద్దమనుషుల బుర్రలు పనిచేయడం మొదలుపెట్టాయి. అయితే తిట్టునే రికార్డు చేద్దామన్నాడొకాయన. నవ్వుతున్నారేమో, వాళ్లు నవ్వలేదు. సేఫ్టీ ఆఫీసరు లాప్‌టాప్‌లో "నాలుగో దశ: తిట్టు" అని టైపు చేయడం నా కళ్లతో చూశాను. ఏ తిట్టు పెట్టాలన్న దాని మీద చర్చ నడిచింది. తల్లి పేరు వద్దని యూనియన్ నాయకుడు. మహిళా ఉద్యోగులు కూడా డంపర్లు నడుపుతున్నారని ఇంకొకరు. రెండు వైపులకూ సర్దిచెప్పే తిట్టు ఏదైనా ఉంటుందా అని మేనేజర్ నన్ను అడిగాడు. ఆడదాన్ని, పైగా ఇంగ్లీషు టీచర్ని, తిట్లకు కూడా సినానిమ్స్ నేనే ఇవ్వాలన్నమాట.

కాక లేచి నిలబడ్డాడు. ఆఫీసర్ల ముందు ఆయన ఎప్పుడూ లేచి మాట్లాడలేదు.

"సారూ, గది గూడ డబ్బాల పెట్టిన్రనుకో, నాకింకేం మిగుల్తది? రేపు నా మీదికే బండొస్తె నేనేమని మొత్తుకోవాలె?"

సేఫ్టీ ఆఫీసరు ఆ లైను చెరిపేశాడు. డబ్బాలో ఏ భాషా వద్దని, ఉత్త కూత మాత్రమే ఉండాలని, కట్ట దగ్గర ఆపడం కాక ఒక్కడి మాటేనని నిర్ణయమైంది. సెట్టులో కాక ఇష్టమొచ్చినట్టు మాట్లాడుకోవచ్చు, దానికి మేనేజర్ నోటితోనే అనుమతి ఇచ్చాడు. కాక ఇంకో షరతు పెట్టాడు. తన గొంతు తీసేసేటప్పుడు తను అక్కడే ఉండాలన్నాడు. నన్ను కూడా రమ్మన్నాడు.

షెడ్డు ముందు డంపర్లను వరసగా నిలబెట్టారు. సేఫ్టీ ఆఫీసరు ఒక్కో డంపర్ ఎక్కి లాప్‌టాప్ తగిలించి గొంతు తీసేస్తున్నాడు. తీసిన ప్రతిసారీ పై నుంచి చెయ్యి ఊపుతున్నాడు, కాక కింద నుంచి తల ఊపుతున్నాడు. ఎవరి ఇంట్లోంచో తన సామాను దింపించుకుంటున్నట్టు ఒక్కోదాన్నీ సరిచూసుకున్నాడు. చివరిది మా పది తప్పినవాడి బండి. గొంతు తీసేశాక సేఫ్టీ ఆఫీసరు దిగిపోయాడు గానీ వీడు దిగలేదు. తలుపు తెరిచే ఉంది, స్టీరింగ్ మీద తలపెట్టి కూర్చున్నాడు.

కాక కాసేపు వాడివైపు చూశాడు. తర్వాత అటు తిరిగి, సెట్టును నోటి దగ్గర పెట్టుకున్నాడు. తిట్టలేదు. అరవలేదు. పక్కనే ఉన్న నాకే సరిగా వినబడనంత మెల్లగా అన్నాడు, "హోల్డాన్ బిడ్డా."

పైన వాడు ఉలిక్కిపడి లేచి రెండు కాళ్లతో బ్రేకు తొక్కి పట్టుకున్నాడు. ఆ బండి ఇంజను పొద్దున్నుంచి స్టార్టే కాలేదు.